జూన్ నెలలో వినకూడని కథ

మొన్న ఆదివారం బ్రాక్‌నెల్ నుంచి మా అమ్మాయి వచ్చింది. వచ్చీ రాగానే, కాళ్ళకున్న బూట్లయినా విప్పకుండా, ఫోను నా మూతి దగ్గర పెట్టి గొబ్బిపాటలు పాడమంది. జూన్ నెల, బయట ఎండ మండిపోతోంది, ఎదురింటాయన చొక్కా లేకుండా లాన్ కోసుకుంటున్నాడు, ఇప్పుడు గొబ్బిపాటలేమిటే తల్లీ, ధనుర్మాసం రానీ, గొంతు నొప్పెట్టేదాకా పాడతాను అన్నాను. "జస్ట్ ఫైవ్ మినిట్స్, అమ్మా! డిసెంబర్‌లో నాకు అస్సలు టైమ్ ఉండదు. రికార్డ్ చేస్తే పాపకి ఎప్పుడు కావాలంటే అప్పుడు వినిపించొచ్చు" అంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు! ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పబోతే, మళ్ళీ ఆ టేపుల ఆవిడ సంగతేనా అని మా అమ్మాయి కళ్ళు పైకి తిప్పుతుంది. అందుకని, నా ఈడువాళ్ళు కదా, మీకే చెప్పుకుంటున్నాను.

మావారి ఉద్యోగం పుణ్యమా అని వెంబ్లీలో ఫ్లాట్ తీసుకుని కాపురం పెట్టిన కొత్తలో, లండన్‌లో పాత రికార్డింగులు దాచే ఒక సంస్థలో నాకు పని దొరికింది. నేల కింద గదిలో కూర్చుని, ముట్టుకుంటే తెగిపోయేలా ఉన్న టేపుల్ని మెల్లగా తిప్పుతూ, వాటిలోని గొంతుల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఎవరెవరివో గొంతులు, ఏవేవో భాషలు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గాని, తెనాలిలో మా పెద్దమ్మలు అరుగు మీద చేరి మాట్లాడుకుంటుంటే గదిలోంచి విన్నట్టు ఉండేది, అందుకే ఆ పని నాకు నచ్చింది.

అలా నా చేతికి వచ్చినవే సేలిష్ టేపులు. అమెరికాలో మోంటానా కొండల నడుమ సేలిష్ అనే జనం ఉన్నారు, తెల్లవాళ్ళు అక్కడ అడుగుపెట్టక ముందు నుంచీ ఆ నేల వాళ్ళది, వాళ్ళ భాష పేరూ సేలిషే. పిల్లల్ని ఇళ్ళలోంచి పట్టుకుపోయి బోర్డింగ్ స్కూళ్ళలో వేసి, సొంత భాష నోట వస్తే కొట్టి మరీ మాన్పించారు కాబట్టి, నేను ఉద్యోగంలో చేరేనాటికి దాన్ని ధారాళంగా మాట్లాడే పెద్దవాళ్ళు కొద్దిమందే మిగిలారు. ఒకప్పుడు ఎవరో ఇంగ్లీషాయన అక్కడికి వెళ్ళి, ఒక ఇల్లాలి చేత మాట్లాడించి, ఆ టేపులు పట్టుకొచ్చి తన ఇంటి అటక మీద పడేశాడు. ఆయన పోయాక కొడుకు వాటిని మాకు అప్పగించాడు.

ఆ ఇల్లాలి కూతురే నేను చెప్పబోయే పెద్దావిడ. తల్లి పోయి ఎన్నో ఏళ్ళయింది, ఆ గొంతు ఎలా ఉండేదో మరిచిపోతున్నానేమోనని భయంగా ఉంది, పోయేలోగా ఒక్కసారి వినాలని ఉంది అని, ఆవిడ తరఫున ఆవిడ చెల్లెలి కూతురు మాకు రాసింది. ఆ అమ్మాయి అక్కడ బడిలో పిల్లలకు సేలిష్ నేర్పే టీచరు. జనవరిలో రావచ్చా అని అడిగింది.

మా మేనేజరు మంచివాడు. అదే వచ్చిన చిక్కు, చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకుందుం. పెద్దావిడ, జనవరిలో లండన్ వస్తే ముసురూ చీకటీ తప్ప ఏం చూస్తుంది పాపం అని తనలో తనే జాలిపడి, జూన్‌కి టిక్కెట్లు కొని పంపాడు. జనవరే ఎందుకమ్మా అని ఒక్క ముక్క అడిగితే ఆయన సొమ్మేం పోయింది? పైగా నాతో, వెదర్ బ్రహ్మాండంగా ఉంటుంది, ఆవిడ సంతోషిస్తుంది అని మురిసిపోయాడు. ఇప్పుడు కాదంటే మళ్ళీ పిలుస్తారో లేదోనని వాళ్ళూ బయల్దేరి వచ్చారు.

మొదటి టేపులో ఆ తల్లి ఏ దుంపలు ఎక్కడ దొరుకుతాయో, ఎప్పుడు తవ్వాలో చెబుతోందట. పెద్దావిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మధ్యలో ఉన్నట్టుండి నవ్వి, "అదుగో, అమ్మ దగ్గింది. ఎప్పుడూ అంతే, ముఖ్యమైన మాట దగ్గరకొచ్చేసరికి దగ్గు" అంది, అంటూనే ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. తరవాత రెండో టేపు పెట్టాను. రెండు మాటలు విందో లేదో, హెడ్‌ఫోన్లు తీసి, కాలే గిన్నె దించినట్టు బల్ల మీద పెట్టేసింది.

అది కొయోటీ కథట. కొయోటీ అంటే మన నక్కకు పెద్దన్నలాంటి జంతువు, వాళ్ళ కథలన్నిటా అల్లరంతా దానిదే. ఆ కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలి, అప్పుడే వినాలి, మంచు కరిగాక ఎవరడిగినా నోరు విప్పకూడదు. జనవరి అని అడిగింది అందుకన్నమాట. ఎన్నేళ్ళ తరవాతో తల్లి గొంతు జానెడు దూరంలో ఉంది, అయినా ఆవిడ మళ్ళీ ఆ హెడ్‌ఫోన్లు ముట్టుకోలేదు.

మా మేనేజరు ఊరుకుంటాడా! రికార్డింగే కదా అన్నాడు. ఆపైన కాస్త ఆలోచించి, "ఈ గది ఏడాది పొడుగునా చల్లగానే ఉంటుంది, ఒక విధంగా ఇక్కడ ఎప్పుడూ చలికాలమే అనుకోవచ్చు కదా" అన్నాడు. ఆయన తెలివి తెల్లారినట్టే ఉంది. పెద్దావిడ ఆయన వంక తేరిపార చూసి, "అలాగా? అయితే చలికాలమంతా నిద్రపోయే ఎలుగుబంట్లు కూడా ఇక్కడే పడుకున్నాయా?" అని అడిగింది. మహానుభావుడు నిజంగానే గది మూలకు చూశాడు.

టీ తాగేటప్పుడు నేనే చెప్పాను, మా అమ్మ కూడా వినాయక చవితి కథ అక్షింతలు చేత పట్టిస్తే గాని మొదలుపెట్టేది కాదని, మిగతా రోజుల్లో ఎంత బతిమాలినా ఆ కథ చెప్పేది కాదని. పెద్దావిడ నా చెయ్యి నిమిరి, "మీ అమ్మ సరైన మనిషి" అంది. దీని కోసం ఇంత రాద్ధాంతం ఎందుకు, ఆ టేపుకి ఒక కాపీ తీసి ఇస్తే ఇంటికి పట్టుకెళ్ళి మంచు పడ్డాక వింటుంది కదా అన్నాను మేనేజరుతో.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అదిగో అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు. కాపీ ఇవ్వాలంటే రికార్డు చేసినాయన కొడుకు సంతకం కావాలట. తల్లి గొంతు కూతురు అడుగుతుంటే, మధ్యలో ఆ కొడుకెవరండీ? ఆ కొడుకు ఏడాదిలో సగం స్పెయిన్‌లోనే ఉంటాడు. ఆయన సంతకం పెట్టాక కమిటీ చూడాలి. కమిటీలో ఒకరు సెలవులోంచి వచ్చేసరికి ఇంకొకరు సెలవు మీద వెళ్ళేవారు. పెద్దావిడా, ఆ టీచరమ్మాయీ ఉత్త చేతులతో తిరిగి వెళ్ళిపోయారు. ఆ చలికాలమంతా నేను మేనేజరు బల్ల దగ్గర నిలబడి అడుగుతూనే ఉన్నాను, ఆయన నవ్వుతూ ప్రాసెస్‌లో ఉందంటూనే ఉన్నాడు. ఇంటికొచ్చి గిన్నెలు ధన్‌మని పెడుతుంటే, "నీకెందుకే ఈ తలనొప్పి? జీతమేమన్నా పెంచారా?" అనేవారు మావారు. చివరకు అనుమతి ఎప్పుడొచ్చిందనుకున్నారు? ఏప్రిల్‌లో! అక్కడ మంచంతా కరిగి నీళ్ళయిపోయాక!

ఆ రోజే డిస్క్ పోస్టు చేశాను. అందిందట, పెద్దావిడ దాన్ని బీరువాలో దాచిందట. వేసవిలో ఆవిడకు జబ్బు చేసి ఆసుపత్రిలో పెట్టారని తెలిసి నా ప్రాణం ఉసూరుమంది. ఈసారి కోపం మేనేజరు మీద కాదు, ఆవిడ మీదే వచ్చింది. చలికాలం దాకా ఉంటుందో ఉండదో, నియమం తప్పి ఒక్కసారి వింటే ఆ తల్లే క్షమించదా, ఇంత మొండితనమేమిటి అని ఫోన్‌లో ఆ టీచరమ్మాయి దగ్గర వాపోయాను. ఆ అమ్మాయి, నేనూ అడిగాను ఆంటీ, దొంగతనంగా విన్నది అమ్మను విన్నట్టు కాదంది పెద్దమ్మ, అని చెప్పింది. వెంబ్లీ పిల్లలు పిలిచినట్టే నన్ను ఆంటీ అనడం ఎప్పుడు నేర్చుకుందో గాని, ఆ రోజు నుంచి నేనూ అక్కడ మంచు ఎప్పుడు పడుతుందా అని రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

నవంబరు చివర్లో ఒక శనివారం, పప్పుచారు కాగుతుండగా మోంటానా నుంచి టీచరమ్మాయి ఫోన్ చేసింది. మంచు పడింది. పెద్దావిడ ఆసుపత్రి నుంచి ఎప్పుడో ఇంటికి వచ్చేసింది, ముందు రోజు చుట్టుపక్కల పిల్లల్నందర్నీ పిలిపించి, అందరి మధ్యా కూర్చుని డిస్క్ పెట్టించుకుందట. కథ సగంలో ఉండగా గొంతు టక్కున ఆగిపోయిందట. ఆ ఇంగ్లీషాయన దగ్గర టేపు అయిపోయి ఉంటుంది. పిల్లలందరూ ఉసూరుమన్నారట. పెద్దావిడ మాత్రం ఆశ్చర్యపోలేదు, ఒకసారి దగ్గి, తల్లి ఆపిన మాట దగ్గర అందుకుని, మిగతా కథంతా తను చెప్పిందట. కథేమిటని మాత్రం నన్నడక్కండి. నాకు తెలియదు, తెలిసినా ఇప్పుడు చెప్పను.

ఈ సంగతి విని మేనేజరు ఎగిరి గంతేశాడు. ఆ మిగతా సగం రికార్డు చేసి పంపమనండి, మనది పూర్తయిపోతుంది అన్నాడు. అడిగాను. "వినాలనుంటే మంచు పడ్డాక రమ్మను, కూర్చోబెట్టి చెబుతాను" అంది పెద్దావిడ. ఆయన వెళ్ళలేదు, బడ్జెట్ లేదన్నాడు, తరవాత రిటైరయ్యాడు. ఇంకో రెండు చలికాలాలు కథలు చెప్పి పెద్దావిడ కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు ఆ కథలు టీచరమ్మాయి చెబుతోంది, పెద్దావిడ నోట విన్న పిల్లల్లో ఒకరిద్దరు తప్పులు కూడా పడుతున్నారట.

మా ఆఫీసు కంప్యూటర్లో ఆ టేపు పేరు పక్కన అసంపూర్ణం అని ఉండేది, నేను రిటైరయ్యే రోజున కూడా అలాగే ఉంది. మార్చండి మొర్రో అంటే ఒక్కరూ వినలేదు. అసంపూర్ణం ఏమిటి, నా మొహం! ఏటా మంచు పడగానే అక్కడ అది పూర్తవుతూనే ఉంది. మన గొంతులు ఇప్పుడు ఫోనుల్లో ఏ వేళ కావాలంటే ఆ వేళ దొరుకుతున్నాయి, ఎక్కడికక్కడ పదిలంగానే ఉన్నాయి. అవి మధ్యలో ఆగిపోతే దగ్గి, గొంతు సవరించుకుని, ఆ తరవాతి మాట అందుకునేవాళ్ళెవరో నాకు కనబడడం లేదు.