కళ్లకు రుమాలు కట్టించే సారు

మొయినాబాద్ దగ్గర సారు స్కూటర్‌ను టిప్పర్ గుద్దిందని, అక్కడికక్కడే పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఎప్పుడో నేను ఆటపట్టించినవాడెవడో కక్ష తీర్చుకుంటున్నాడనుకుని బండబూతులు తిట్టి పెట్టేశాను. మళ్లీ మోగింది. ఈసారి అవతల ఏడుపు.

ఆయన చేవెళ్ల బడిలో సైన్సు చెప్పేవారు. చూపు లేని పిల్లలు విని నేర్చుకునేలా పాఠాలు తయారుచేసి ఆన్‌లైన్‌లో పెట్టేవారు. నాది ఫోన్లు బాగుచేసే దుకాణం. తొమ్మిదో తరగతితో బడి ఎగ్గొట్టిన నాచేత, గొంతు పెద్దదని, ఆ పాఠాలు చెప్పించి రికార్డు చేసేవారు. ఆయన లేకుంటే ఈ గొంతు తిట్లకే పనికొచ్చేది.

పాఠం పూర్తయ్యాక నా కళ్లకు రుమాలు కట్టి నాకే వినిపించేవారు. నాకు అర్థం కాకుంటే మళ్లీ మొదటికి. బొమ్మ గురించి చెబుతూ ‘ఇక్కడ’ అన్నానో, కర్ర బల్ల మీద పిడుగులా పడేది.

“ఇక్కడంటే ఏడరా? నీ నెత్తి మీదనా?”

కప్ప పాఠం నడుమ ఒకసారి బెకబెకమన్నాను. స్టీలు గ్లాసు విసిరారు. కనుబొమ్మ చీలి మొహమంతా రక్తం. దవాఖానలో కుట్లు వేయిస్తూ, “అరుపు మంచిగున్నది, ఉంచుదాం. పిల్లలు నవ్వుతరు” అన్నారు. ఈ మచ్చేమిటని ఎవరడిగినా కప్ప కరిచిందనే చెబుతాను.

కోసిన గుండె బొమ్మ దగ్గర, “రక్తం మాట వద్దు సార్, పాపం పిల్లలు” అన్నాను. మెడ పట్టి బొమ్మ మీదకు వంచారు. “చూపు లేదని నిజం తక్కువ చేసి చెప్తవా? ఉన్నదున్నట్టు చెప్పు.”

వాళ్లింటికి వెళ్లేసరికి ఆయన గాజుపెట్టెలో ఉన్నారు. ఆ పాఠాలు వింటూనే పదో తరగతిదాకా వచ్చిన చూపులేని అమ్మాయి పెట్టె పట్టుకుని నిలబడింది.

“సారు ఎట్లున్నడు?”

“నిద్రపోయినట్టే ఉన్నడు బిడ్డా” అంది ఓ ముసలామె.

“టిప్పర్ గుద్దితే నిద్రపోయినట్టు ఎట్లుంటరు అవ్వా? ఆఖరిసారన్న నిజం చెప్పరా?” నా దగ్గు విని ఇటు తిరిగింది. “కప్ప కాకా! నువ్వు చెప్పు.”

అందరూ నన్ను గుడ్లురిమి చూశారు.

“కుడి చెంపకు ఏం కాలె. ఎడమ చెంప నుజ్జయింది. ఆ కన్ను వాచి మూసుకుపోయింది. ముక్కులల్ల దూది పెట్టిండ్రు.”

“నోర్ముయ్‌రా!” ఎవరో నా కాలర్ పట్టి గుంజారు. విదిలించుకున్నాను. గాజు మీద వేలు పెట్టాను. “తల... ఇక్కడ పగిలింది బిడ్డా.”

ఏడుస్తూనే ఆ పిల్ల పిడికిలితో గాజు మీద ఠప్పున కొట్టింది.

“ఇక్కడంటే ఏడ కాకా?”

“ఎడమ చెవికి నాలుగు వేళ్ల పైన.”

ఆమె చెయ్యి తన ఎడమ చెవి పైకి వెళ్లింది. నాలుగు వేళ్లు కొలుచుకుని, అక్కడే ఆగింది.