పిడుగు కట్టు

మా లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. ఆసుపత్రి దుప్పట్లు. మరిగే నీళ్ళలో ఉడికి, ఆరి, అట్టల్లా బిగుసుకుపోయి వస్తాయి. చెరో కొస పట్టుకుని లాగి, విదిలించి, ఒకరికొకరు ఎదురు నడిచి అంచుకు అంచు కలపాలి. ఆమె పనిలో చేరిన కొత్తలో రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఆమె దుప్పటిని గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బారచాపి ఒక్కతే మడతపెట్టేది. అంత పొడుగు చేతులు ఆ గదిలో ఇంకెవరికీ లేవు. కొన్నాళ్ళకి నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను. దయతో కాదు. నా జంటవాడు పని మానేశాడు, అంతే.

ఆమెను అందరూ పిడుగు అనేవారు. బాక్సింగ్ రింగులో వచ్చిన పేరు అది. ఆ ఎడమచేతి దెబ్బ వస్తున్నట్టు ఎదుటివాడికి తగిలాక గాని తెలిసేది కాదట. గెలుస్తూ ఉండగానే ఆట మానేసింది. ముందు జుట్టు పెంచింది, తర్వాత ఒళ్ళు మార్చే మందులు మొదలుపెట్టింది, ఆ తర్వాత తాను ఆడమనిషినని ఇంట్లో చెప్పింది. పిడుగుకి ఆడా మగా లేదు కనక ఆ ఒక్క పేరూ ఉంచుకుంది.

"చిన్నప్పట్నించీ తెలుసు నాకు," అంది ఒకసారి. "ఎవరికీ అనుమానం రాకూడదనే కొట్టడం నేర్చుకున్నా. అది కాస్తా బాగా వచ్చేసింది, ఏం చేస్తాం."

ఆ మధ్య ఒక విలేకరి వచ్చి సగం రోజు కూర్చున్నాడు. ఆమె ధైర్యం గురించి పెద్ద అక్షరాలతో రాశాడు. పక్కన ఫొటో మాత్రం పాతది వేశాడు. చొక్కా లేకుండా, భుజం మీద బెల్టుతో. మా మేస్త్రీ ఆ కాగితాన్ని ఆరబెట్టే యంత్రం పక్కన గోడకు అంటించి, వచ్చేపోయేవాళ్ళకి చూపించి నవ్వేవాడు. చింపి పారేద్దామన్నాను. ఎందుకులే, ఆవిరికి అదే ముడుచుకుపోతుంది అంది. నిజంగానే పోయింది. ముందు మొహం, తర్వాత ధైర్యం.

ఆమెకి ఒక తమ్ముడున్నాడు. బస్సు డ్రైవరు. ఆమె చెప్పిందంతా తలవంచుకుని విని, "నీ ఇష్టం అన్నయ్యా" అన్నాడట. ఇచ్చిందీ లాక్కున్నదీ ఆ ఒక్క మాటతోనే. మరదలిది ఇంకో అవస్థ. అంతకుముందు బావగారూ అనేది. ఇప్పుడు వదినా అనడానికి నోరు రాలేదు, బావగారూ అందామంటే ఎదురుగా పూల స్కార్ఫు. చివరికి ఏమండీతో సరిపెట్టుకుంది. పక్కింటివాళ్ళు అడిగితే "మా ఆయన తాలూకు" అని చెప్పేదట, ఊరి నుంచి వచ్చిన సామానేదో చూపించినట్టు.

ఆ ఇంట్లో తమ్ముడి కూతురొక్కతే వేరు. పెదనాన్నా అని పిలుస్తూ పెరిగిన పిల్ల, ఒకరోజు తలుపు తీసి లోపలికి తిరిగి, "నాన్నా, అత్త వచ్చింది" అని కేకేసింది. ఎవరూ నేర్పలేదు. నాన్నకి అక్క అయితే తనకి అత్తే కదా అని తనే తేల్చుకుంది. ఆ రోజు సంగతి పిడుగు నాకు చెప్పినన్నిసార్లు తన గెలుపుల గురించి చెప్పలేదు. చెబుతూ చెబుతూ దుప్పటి చేతిలోనే ఉండగా నిలబడిపోయేది. లోకంతో ఆమెకున్న చుట్టరికమంతా ఆ రెండక్షరాలే. మిగతావన్నీ పోయినా ఆమె పనికి వచ్చింది, తిన్నది, నిద్రపోయింది. ఇది కూడా పోతే ఏమవుతుందో అనుకునేవాణ్ణి.

పిల్ల కూడా బాక్సింగులో చేరింది. అత్తలాగే ఎడమచేతి వాటం. చేరింది అత్త ఆడిన పాత జిమ్‌లోనే గాని, అక్కడికి పిడుగును రానివ్వలేదు. పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటారో అని కోచ్ మొహమాటంగా నసిగాడట. వాళ్ళ పేరు చెప్పి తను అనుకునేది చెప్పాడు. అందుకని పిల్లే మా లాండ్రీ వెనక వాకిలికి వచ్చేది. చిరిగిన దుప్పట్లు కూరిన గోనెసంచి ఒకటి దూలానికి వేలాడదీశాం. పిడుగు దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడితే పిల్ల కొట్టేది. "నడుం నుంచి కొట్టవే, భుజంతో కాదు, ఈగల్ని తోలుతున్నావా" అని అత్త తిట్టేది. "నీ వయసొచ్చాక కొడతాలే అత్తా" అని పిల్ల ఎగతాళి చేసేది.

ఆ జిమ్‌లో ఒక అలవాటుంది. పోటీ రోజున చేతులకి కట్టు కట్టేది కోచ్ కాదు, ఇంటి మనిషి. ఇంటివాళ్ళ చెయ్యి పడితే చెయ్యి విరగదని ఎవరో ఎప్పుడో మొదలుపెట్టారు. పిల్లకి మొదటి పెద్ద పోటీ వచ్చింది. తండ్రికి కట్టు కట్టడం రాదు, తల్లి చూడ్డానికే రానంది.

"నువ్వే కట్టాలి అత్తా," అంది పిల్ల.

ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది బయట, ఆడవాళ్ళకు మాత్రమే అన్న బోర్డు దగ్గర పిడుగు ఆగిపోయింది. పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. లోపల తల్లులు, అక్కలు, తెరిచిన సంచులు, తడి తువ్వాళ్ళు. ఒకావిడ కూతురి జడతో కుస్తీ పడుతూ, "అక్కా, ఈ రబ్బరు బ్యాండు కాస్త పట్టుకుంటావా" అంది. పిడుగు పట్టుకుంది. మీ అమ్మాయా అని ఆవిడ అడిగితే, మేనకోడలు అంది. ఆ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత బెంచీ మీద కూర్చుని పిల్ల చేతులు ఒళ్ళోకి తీసుకుంది.

తప్పు అక్కడ జరిగింది. మామూలుగా ఆ గుడ్డపట్టీని వేళ్ళ సందుల్లోంచి ఒక్కోసారి తిప్పుతారు. పిడుగుకి ఒకప్పుడు ఉంగరపు వేలి కణుపు విరిగింది. అప్పట్నించి ఆ వేలికీ చిటికెన వేలికీ మధ్య రెండుసార్లు తిప్పి, మణికట్టు మీద జడ అల్లినట్టు పట్టీ మీద పట్టీ వేసి, కొసను పళ్ళతో కొరికి తెంపేది. పిడుగు కట్టు అనేవారు దాన్ని. చాలామంది చూసి నేర్చుకోబోయారు, ఎవరికీ కుదరలేదు. మామూలు కట్టు ఆమెకి రాక కాదు. ప్రేమ కొద్దీ చేతులు వాటికి తెలిసిన పని చేసేశాయి.

నడవాలో బల్ల వేసుకుని ఒక అధికారి అందరి కట్లూ చూసి పంపిస్తున్నాడు. పాత బాక్సరే. ముక్కు ఎడమవైపుకి ఒరిగి ఉంది. పిల్ల చెయ్యి తిప్పి చూసి మొహమంతా నవ్వయ్యాడు.

"ఇది కట్టిందెవరో నన్నడుగు. ఈ ముక్కుని ఇలా చేసిన చెయ్యి. పిడుగు వచ్చాడా? నీకేమవుతాడమ్మా?"

అతని గొంతులో సంతోషం తప్ప ఇంకేమీ లేదు. అదే కొంప ముంచింది, ఎందుకంటే గట్టిగా అడిగాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా ఇటు తిరిగారు. రబ్బరు బ్యాండు ఆవిడ కూడా. నడవా చివర పిల్ల తండ్రి నిలబడి ఉన్నాడు.

"పెదనాన్న," అంది పిల్ల.

"ఎక్కడ? పిలువు, చూసి ఎన్నేళ్ళయిందో."

"రాలేదండీ. ఇంట్లోనే కట్టి పంపించాడు."

పిడుగు పిల్ల వెనకే ఉంది. ఒక చేతిలో నీళ్ళసీసా, భుజం మీద పిల్ల తువ్వాలు.

అధికారి నాలుక చప్పరించాడు. ఇంట్లో కట్టినది చెల్లదు, ఇక్కడే కట్టాలి, లోపల ఏం పెట్టారో మాకేం తెలుస్తుంది అంటూ కత్తెర తీశాడు. పిల్ల తల ఎత్తలేదు. అతను కట్టు మీద కత్తెర పెట్టి, వెలుతురు చాలక తలెత్తి, పిడుగు మొహంలోకి చూశాడు.

"కొంచెం పక్కకి జరగండమ్మా, చీకటవుతోంది," అన్నాడు.

ఆమె జరిగింది. ముక్కు విరగ్గొట్టించుకున్నవాడు మొహంలోకి చూసి కూడా గుర్తుపట్టక అమ్మా అన్నాడు. దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకి తెలియలేదు. ఎవరో ఒకావిడ పిల్లకి మామూలు కట్టు కట్టింది. ఆ కట్టుతోనే పిల్ల గెలిచింది, బాగా గెలిచింది. పిడుగు చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుని చూసింది. తమ్ముడు ఫోనులో అందరికీ ఒకటే చెబుతున్నాడట, రక్తం ఎక్కడికి పోతుంది, అంతా మా అన్నయ్య పోలికే అని.

మర్నాడు ఆమె ఇదంతా దుప్పట్లు మడుస్తూ, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది. పిల్ల భయపడింది, నిన్ను ఆ గదిలోకి తీసుకెళ్ళిన సంగతి బయటపడకూడదనే అబద్ధమాడింది అన్నాను.

"రాలేదన్నది అబద్ధం," అంది. "పెదనాన్న అన్నది అబద్ధం కాదురా. ఆలోచించుకోడానికి టైము లేదు దానికి. లోపల ఏముంటే అది వచ్చింది."

నేను ఇంకేదో అనబోతే, లాగు, మడత పోతోంది అంది.

తర్వాత చాలా రోజులకి పిల్ల వెనక వాకిలికి వచ్చింది. ఇంకో పోటీ ఉంది. గోనెసంచి దగ్గర నిలబడి, నీళ్ళున్నాయా అని అడిగింది. తర్వాత, పని ఎప్పుడవుతుంది అని. తర్వాత, కొంచెం కట్టవా, అలవాటవుతుంది అని. ఏ మాటకీ ముందుగాని వెనకగాని పిలుపు లేదు. అత్త లేదు, పెదనాన్న కూడా లేదు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నట్టుంది.

పిడుగు బట్టలమూట మీద కూర్చుని కట్టడం మొదలుపెట్టింది. ఒక్కో వేలి సందులోంచి ఒక్కోసారి తిప్పింది. మణికట్టు మీద జడ వెయ్యలేదు. కొస తెంపడానికి నన్ను కత్తెర అడిగింది.

పిల్ల చెయ్యి ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"ఇలా కట్టావేంటి?"

"ఇలా అయితే ఎవరూ ఏమీ అడగరు," అంది పిడుగు, రెండో చెయ్యి ఇమ్మని తన చెయ్యి చాపుతూ.