గుండెలో పంపు, ఉత్తరాన తల

మీరు సీతాఫల్‌మండి అమ్మమ్మ అని పిలిచే మీ తాత అక్కకూ నాకూ మాటలు ఉన్నాయి, మనసు లేదు. నేను ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ అంతే. నేను చేసిన పప్పు నోట్లో పెట్టుకుని ఆమె మూతి తిప్పుతుంది. ఆమె వచ్చినప్పుడు నేను మంచి కప్పులు బయటికి తీయను. తల్లి పోయాక తమ్ముణ్ని పెంచింది తనే కాబట్టి ఆయన మీద తన మాటే పైమాట అనుకుంటుంది. ఆయనా అలాగే అనుకుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

వానాకాలంలో ఒకరోజు మీ తాత రెజిమెంటల్ బజార్‌లో దుకాణం షట్టరు ఎత్తబోయి, ఆయాసంతో మెట్టు మీద కూలబడ్డారు. ఆసుపత్రిలో చూస్తే గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాలు పూడుకుపోయి ఉన్నాయి. గుండె కూడా బాగా నీరసించింది. ఛాతీ కోసి ఆపరేషన్ చేస్తే తట్టుకోలేరన్నారు. స్టెంట్లు వేద్దామంటే, వేసేంతసేపు ఆ గుండె ఆగకుండా కొట్టుకుంటుందన్న నమ్మకం లేదన్నారు.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, మందుల చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది.

"అమ్మా, గజ్జ దగ్గర నాళం ఉంటది కదా, అందులకెల్లి సన్నటి గొట్టం పంపిస్తం. దాని కొసకు చిన్న పంపు. పోయేటప్పుడు ముడుచుకొని పోతది, గుండెలకు చేరినంక విచ్చుకుంటది. ఎడమ గదిల ఉన్న రక్తం గుంజి పెద్ద నాళంలకు పంపుతది. గుండెకు జెర రెస్ట్ దొరుకుతది. అంతలో మేం స్టెంట్లు వేసేస్తం."

"తర్వాత తీసేస్తరా?"

"గుండె తన పని తాను చేసుకుంటే తీసేస్తం. మళ్ల ముడుచుకొనే బయటికొస్తది. అప్పటిదాకా లేవొద్దు, ఆ కాలు వంచొద్దు. కదిలితే పంపు జాగ తప్పుతది. అదే పెద్ద పరేషాన్."

నేను సరే అన్నాను. వరండాలో కూర్చున్న వదినెకు, అదే మీ తాత అక్కకు, విషయం చెప్పగానే నన్ను ఎగాదిగా చూసింది.

"మోటరు పెట్టనీకి నా తమ్ముడు ఏమన్న బోరుబాయా?"

"బోరుబాయి అయితే నిన్నే అడుగుదును వదినె," అన్నాను మెల్లగా. "నీళ్లు యాడ పడతయో నువ్వే చెప్తుంటివి."

ఆమె కొంగు దులుపుకొని అవతలి కుర్చీలోకి మారింది. స్టెంట్లు వేయడం పూర్తయ్యేదాకా మేమిద్దరం ఎదురుబొదురుగా, గోడలు చూస్తూ కూర్చున్నాం.

స్టెంట్లు బాగానే పడ్డాయి. కానీ గుండె ఇంకా తేరుకోలేదని, మర్నాటి దాకా పంపు లోపలే ఉంచుతామని చెప్పారు. సాయంత్రం చూడనిచ్చారు. లోపలికి ఒకసారి ఒక్కరే వెళ్లాలి, ఉన్నది ఒక్కటే పాసు, అది నా మెడలో ఉంది. మీ తాత వెల్లకిలా పడుకుని ఉన్నారు. కుడికాలు కర్రలా చాపి ఉంది. మంచం పక్కన పెట్టె, దాని తెర మీద గీతలు. లోపల పంపు తిరుగుతున్నట్టు తెలుస్తోందా అని అడిగితే, "ఏం తెలుస్తలేదు, నడుమే గుంజుతున్నది," అన్నారు. నుదురు తుడిచి వచ్చేశాను. పాసు వదినెకు ఇవ్వక తప్పలేదు. ఇవ్వాల్సింది కాదు.

ఆమె వెళ్లి వచ్చింది. పాసు నా చేతికిస్తే మళ్లీ మెడలో వేసుకున్నాను. కాసేపటికే లోపల పెట్టె మోగడం, సిస్టర్లు పరుగెత్తడం వినిపించింది. మీ తాత మోకాలు ముడిచి, కాళ్ల వైపుకు తల తిప్పుకుందామని చూశారట. పంపు జరిగిపోయింది. డాక్టరమ్మ స్కానింగు పెట్టి చూసుకుంటూ దాన్ని మళ్లీ చోటుకు చేర్చింది. బయటికి వచ్చేసరికి ఆమె మొహం ఎర్రగా ఉంది.

"తల ఉత్తరం దిక్కున్నదని ఆయనకు ఎవరు చెప్పిన్రు?"

నేను వదినె వైపు చూశాను.

"నేనే చెప్పిన," అంది. "మా అమ్మ పోయేముందు గిట్లనే పండుకున్నది. ఉత్తరం దిక్కు తల పెట్టి బతికున్నోళ్లను పండబెడ్తరా?"

మంచం తిప్పడం కుదరదంది డాక్టరమ్మ. ఆక్సిజన్, తీగలు అన్నీ తల దగ్గర గోడకే ఉన్నాయి, పెట్టె కదపకూడదు. మత్తు ఇస్తే ఇప్పుడున్న బీపీ పడిపోతుంది.

"మళ్ల కదిలితే ఈసారి సర్దగలుగుతనో లేదో చెప్పలేను. ఆ పంపు మీదనే ఉన్నడు మనిషి. ఎట్లనన్న ఒప్పించుండ్రి," అని నన్ను లోపలికి పంపింది.

మీ తాత మోచేతి మీద లేవబోతున్నారు. సిస్టరు ఆయన మోకాలు నొక్కిపట్టి ఉంది. ఆ గదికి కిటికీ లేదు. అది ఉత్తరం కాదు, తూర్పు అన్నాను. ఆయన నా మొహం కూడా చూడలేదు.

"నీకేం తెలుసు? అక్క చెప్పింది. గీ దిక్కు పండబెట్టి నన్ను సంపుతున్నరు."

ఇన్నేళ్లు ఆయనకు వండిపెట్టింది నేను. నమ్మేది ఆమెను. గొడవ పడడానికి అది చోటు కాదు. బయటికి వచ్చి మెడలోని పాసు తీసి ఆమె ముందు పట్టుకున్నాను.

"పోయి తూర్పని చెప్పు వదినె. నీ మాటే ఇంటడు."

"ఉన్నది ఉన్నట్టు చెప్పిన. అబద్ధం నా నోట్ల రాదు."

"రాకుంటే నీ తమ్ముడు ఉండడు. అమ్మ పోయినట్టే పోయిండని అందరికీ చెప్పుకుందువు. నీ మాటే నెగ్గుతది."

"మెల్లగ మాట్లాడుకుంటనే గొంతు కోస్తవ్ నువ్వు," అంది.

పాసు లాక్కుంది. రెండడుగులు వేసి ఆగింది. "నువ్వు సుత రా. నేను ఎట్ల చెప్తే గట్లనే అనాలె. నడుమల నోరు తెర్వకు."

సిస్టరు ఆ ఒక్కసారికి ఇద్దరినీ రానిచ్చింది. వదినె తమ్ముడి తల దగ్గర నిలబడి, ఆయన జుట్టు సవరిస్తూ మొదలుపెట్టింది.

"తమ్మీ, నీ పెండ్లాం ఉన్నది సూడు. లిఫ్టు దిగినంక ఏ దిక్కు ఏదో తెల్వక నాకు ఉల్టా చెప్పింది. నేను దాని మాట పట్టుకొని నిన్ను పరేషాన్ చేసిన. ఇప్పుడు కిందికి పోయి సెక్యూరిటీ ఆయనను అడిగొచ్చిన. నీ తల తూర్పుకే ఉన్నది. సప్పుడు చేయక పండుకో."

ఆయన నన్ను చూశారు. "నిజమేనా?"

ఆమె కిందికి వెళ్లనే లేదు. నేను ఆమెకు ఏ దిక్కూ చెప్పలేదు. ఆయన గజ్జ దగ్గర పట్టీ వేసి ఉంది, దాని కింద నుంచి గొట్టం.

"నిజమే. నేనే తప్పు చెప్పిన," అన్నాను.

"ఇన్నేండ్లయె. దిక్కులు సుత తెల్వయి," అని ఆయన తల దిండు మీద వాల్చారు. బిగబట్టిన కాలు వదులైంది. సిస్టరు మోకాలి మీద నుంచి చేయి తీసింది.

వదినె నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా వంటను నలుగురిలో వెక్కిరించినప్పుడు చూసే చూపే. తమ్ముడి ప్రాణం కోసం అబద్ధమాడిందో, నన్ను చులకన చేసే సందు దొరికిందని ఆడిందో ఇప్పటికీ చెప్పలేను. రెండూ అయి ఉంటాయి. ఆయన మాత్రం తెల్లవారేదాకా కదల్లేదు. గుండె దారిన పడిందని మర్నాడు పంపు తీసేశారు. కొన్నాళ్లకు ఇంటికి వచ్చారు.

ఆమెకు నేను కృతజ్ఞత చెప్పలేదు. ఆ భయం పెట్టింది ఆమే. ఆమె నాకు క్షమాపణ చెప్పలేదు. పైగా ఆసుపత్రిలో నేను దిక్కులు తప్పు చెప్పి తమ్ముణ్ని చంపబోయానని ఊరంతా చెప్తుంది. మొన్న మౌలాలి పెళ్లిలో వీడియో కాల్ పెట్టి మీకు కూడా చెప్పింది. మీరు పగలబడి నవ్వారు. నేను వెనకాలే ఉన్నాను. ఏమీ అనలేదు, ఎందుకంటే మీ తాత పక్కనే కూర్చుని ఉన్నారు. గుండెలో పంపుతో, ఉత్తరాన తల పెట్టుకుని తెల్లవార్లూ పడుకున్నానని తెలిస్తే ఆయనకు ఇప్పుడైనా చేతులు చల్లబడతాయి. ఆయనకు మీరు చెప్పకండి.

ఆమె ఆ కథ మళ్లీ ఎత్తుకుంటుంది. తాత పక్కన ఉంటే నవ్వండి. లేకుంటే మాత్రం నవ్వకండి, ఆమె మొహం చూస్తూ ఊరుకోండి. ఎందుకో ఆమెకు తెలుస్తుంది.