కనపడలేదన్న ఏడాది

మొన్న నంద్యాలలో కళ్ళ డాక్టరమ్మ నా ఎడమ కంట్లోకి యంత్రంతో లైటు వేసి చూసి, వెనక పొర మీద పాత మచ్చ ఉంది, చిన్నప్పుడు దెబ్బ తగిలిందా అని అడిగి, ఇట్లాంటి వాటికి కొన్ని వారాల్లోనే చూపు తిరిగొచ్చి ఉంటుందే అంది. పక్కనున్న మా ఆయన, లేదమ్మా, నిండా ఏడాది పట్టిందని గట్టిగా చెప్పాడు. నేను తల వంచుకున్నాను.

డెబ్బైల్లో సంగతి. ఆళ్ళగడ్డలో మా వీధికి చిల్లాకట్టె ఆటలో మా మేనమామ కొడుకును మించినవాడు లేడు. అతను కొట్టిన చిల్ల, రెండు పక్కలా మొన చెక్కిన ఆ చిన్న కట్టెముక్క, ఒకనాడు నా కంటికి అడ్డంగా తగిలితే, మధ్యలోకి ఎందుకొచ్చావని నన్నే తిట్టి మళ్ళీ ఆటలో పడ్డాడు. అమ్మను కన్న అవ్వ మూడు దినాలు నందివర్ధనం పూలు పెట్టించి, చనుబాలు పోయించి, ఇక లాభం లేదన్నాక నాయన నన్ను నంద్యాలకు ఎత్తుకుపోయాడు. మొన తగల్లేదు గనుక సరిపోయింది, లోపలి పొర వాచింది, చూపు రావచ్చు రాకపోవచ్చు అని డాక్టరు రెండు కళ్ళకూ కట్టు కట్టి కదలకుండా పడుకోబెట్టాడు. అట్లా పడుకునే, అవ్వ మా అమ్మతో అన్న మాట విన్నాను.

"ఏడుస్తావేందిమే? కన్ను పోతే పోయె, కట్టుకునేది మనోడే గదా."

దెబ్బకంటే ఆ మాటే ఎక్కువ మండింది. తొమ్మిదేళ్ళ పిల్లకు పగ ఏమిటంటారేమో, నాకు మాత్రం కడుపు నిండా పగే. కట్టు విప్పాక, నెల తిరక్కముందే చూపు వచ్చేసింది. మామ రోజూ నా మంచి కన్ను అరచేత్తో మూసి వేళ్ళు చూపించేవాడు. ఆయన గోళ్ళలో మట్టితో సహా కనపడుతున్నా, కనపళ్ళేదు మామా అనేదాన్ని. మళ్ళీ నంద్యాలకు పోదామంటే, చుక్కల మందు మండుతుందని ఏడ్చి మానిపించాను. నా కన్ను బాగయ్యేదాకా చిల్లాకట్టె ముట్టనని మామ తన కొడుకు చేత ఒట్టు పెట్టించాడు. రెండో కంటికి శ్రమ కలగకూడదని, సాయంత్రాలు అతనే అరుగు మీద కూర్చుని నాకు పాఠాలు చదివి వినిపించాలి. ఎదురుగా తోటివాళ్ళు ఆడుతుంటే అటే చూస్తూ వరస తప్పి చదివేవాడు. నేను ఎక్కాలు కూడా రెండుసార్లు చదివించుకునేదాన్ని.

ఏడాదికి, ఒంటికంటి పిల్లను మనం కాక ఎవరు చేసుకుంటారని పెద్దలు మాట ఖాయం చేయబోతే భయపడి, మూడు వేళ్ళు మామా అన్నాను. మామ సంతోషంతో మహానందికి పోయి గుండు కొట్టించుకొచ్చాడు. పెళ్ళి మాత్రం తప్పలేదు. రెండు కళ్ళున్న పిల్లయితే ఇంకా మేలన్నారు.

మొన్న తిరుగు బస్సులో ఆయన నెమ్మదిగా అడిగాడు. "నిజం చెప్పుమే, ఎన్నాళ్ళకు కనపడింది?"

"నెలకే."

ఆయన వేళ్ళు మడుస్తూ, ఊరికే ఆట మానిన పదకొండు నెలలూ లెక్కపెట్టాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పుడు కంట్లోకి యంత్రమే చూసి అంతా చెప్పేస్తుంది, పిల్లను అడిగే పని లేదు. ఆనాడు నా కన్ను సంగతి నేను చెప్తేనే లోకానికి తెలిసేది. ఆ ఇంట్లో నా మాట చెల్లింది ఆ ఒక్క ఏడాదే.