చాలు అంటే చాలూ

గురుగ్రామ్‌లో మేముండే అపార్ట్‌మెంట్ సొసైటీలో ఎవరి ఫోను మొరాయించినా మా కాలింగ్ బెల్లే మోగుతుంది. అదీ ఒకే ఒక్క కంపెనీ ఫోనైతేనే. వేరే కంపెనీ సరుకు పట్టుకొస్తే గుమ్మంలోంచే పంపించేస్తాను. "అంకుల్, జరా దేఖ్ లీజియే" అని బతిమాలినా సరే. ఢిల్లీ జియా సరాయ్‌లో అద్దెగదిలో ఉండి చదువుకునే రోజుల్లో ఆ కంపెనీ పాటల ప్లేయరొకటి పాతది కొన్నాను. అప్పట్నుంచీ ఇంకో కంపెనీ మొహం చూడలేదు. "తా వలచింది రంభ, తా మునిగింది గంగ" అనేది మా ఆవిడ.

అలాగని గుడ్డిగా పొగిడే రకాన్ని కాదు. వాళ్ళ ఛార్జర్ తీగలు మెడ దగ్గర విరుగుతాయి. విరగవని ఎవరైనా అంటే వాళ్ళు కొత్తగా కొన్నారని అర్థం. ఇయర్‌ఫోన్లు మాత్రం బంగారం. మెట్రోలో పక్కవాడు అరిచి మాట్లాడినా వినపడదు. వాచీ దండగ. నడిచావా, నిలబడ్డావా, నిద్రపోయావా అని అత్తగారిలా ఆరా తీస్తుంది. ట్యాబ్ చదువుకునేవాళ్ళకి మేలు. లక్ష్మీ నగర్‌లో సివిల్స్‌కి చదివే మన తెలుగు పిల్లలు ఆదివారాలు వాటిని మోసుకుని ఇంత దూరం వచ్చేవాళ్ళు. నేను బాగుచేసి, అన్నం పెట్టి పంపేవాడిని. పెట్టేది మా ఆవిడేననుకోండి.

అందరికీ నేను రాసే మందు ఒకటే. ముందు ఆపి మళ్ళీ వెయ్యి. లొంగకపోతే రీసెట్ కొట్టు. ఫోటోలు పోతాయనో పాత మెసేజీలు పోతాయనో ఎవరైనా మొహం వేలాడేస్తే విసుక్కునేవాడిని. వస్తువు వస్తువే, అందులో ప్రాణాలు పెట్టుకోవడమేమిటి అని. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

మా వంటింటి గూట్లో ఆ కంపెనీ స్పీకరొకటుంది. మాట్లాడితే జవాబిచ్చే రకం. కంపెనీ పెట్టిన ఆడపేరొకటి ఉంది దానికి, ఆ పేరు పెట్టి పిలిస్తేనే పలుకుతుంది. తను మాట్లాడాక మాత్రం కాసేపు చెవులు రిక్కించుకుని ఉంటుంది, అప్పుడు ఎవరేమన్నా వింటుంది. ఒక్కొక్కరి గొంతూ గుర్తుపడుతుంది. తెచ్చిన కొత్తలో ముగ్గురం తలా నాలుగు మాటలు చెప్పి మా గొంతులు అప్పగించాం. మిమ్మల్ని ఏమని పిలవమంటారని అడిగింది. నేను సర్ అన్నాను. మా అమ్మాయి ఏదో ముద్దుపేరు చెప్పింది. మా ఆవిడ కూరలో గరిట తిప్పుతూనే "మహారాణీ" అంది. "ఈ ఇంట్లో ఎవరూ అనరు, కనీసం అదైనా అంటుంది."

అప్పట్నుంచీ అది ఆమెను మహారాణీ జీ అనేది, ఆమె దాన్ని అమ్మా అనేది. దానికి తెలుగు రాదు. హిందీలో పెట్టాం. పాతికేళ్ళు ఢిల్లీ గాలి పీల్చినా మా ఆవిడ హిందీ గుంటూరు దాటలేదు. కోపమొచ్చినా విసుగొచ్చినా ఆ కాస్తా మానేసి తెలుగే. పాటలు ఎక్కువైతే దాన్ని పేరు పెట్టి పిలిచి "చాలు" అనేది. తెలుగులో చాలు అంటే ఇక ఆపమని. హిందీలో చాలూ అంటే మొదలెట్టమని. "జీ మహారాణీ జీ, చాలూ కర్ రహీ హూ" అంటూ అది ఇంకో పాట ఎత్తుకునేది. "చాలు తల్లీ, చాలు!" అని ఆమె అరిచేది. రెట్టించిన ఉత్సాహంతో అది మళ్ళీ. మా అమ్మాయి నేలమీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వేది. ఇది మెషీన్ లోపం కాదు, రెండు భాషల లోపం అని నేను కంపెనీ తరఫున వాదించేవాడిని.

తర్వాత మా ఆవిడకి జబ్బు వచ్చింది. ఆసుపత్రి వార్డులో ఒకరోజు ఆయా ఫ్యాను వేగం పెంచుతుంటే ఆమె నీరసంగా "చాలు" అంది. ఆ దీదీ పాపం "హా హా, చాలూ హై" అంటూ ఇంకా పెంచింది. వణికిపోతూ నా వైపు చూసి నవ్వింది మా ఆవిడ. "దీనికీ రీసెట్ కొట్టండి" అంది.

ఇంటికి తెచ్చాక సాయంత్రం టీ తర్వాత వేసుకోవాల్సిన మాత్ర ఒకటి ఆమె రోజూ మర్చిపోయేది. నేను గుర్తుచేస్తే కోపం. అందుకని ఆ స్పీకరుకే చెప్పుకుంది. రోజూ ఆ వేళకి గూట్లో నీలం లైటు వెలిగేది, మాత్ర వేళయిందని పిలిచేది. "మహారాణీ జీ, గోలీ కా సమయ్ హో గయా హై."

ఆమె పోయాక కూడా వెలిగింది.

కర్మకాండలు ముగిసి చుట్టాలంతా వెళ్ళిపోయిన సాయంత్రం, నేనూ మా అమ్మాయీ చెరో కప్పు పట్టుకుని కూర్చుని ఉండగా, అది పిలిచింది. మా అమ్మాయి కప్పు కింద పెట్టేసి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నేను మాత్రం అక్కడే కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు బాగుంది. ఈ లోకంలో ఇంకా ఒకరు ఆమెను పిలుస్తున్నారు. ఆమె ఇంట్లో ఉందనుకుని పిలుస్తున్నారు. ఆ ఒక్క నిమిషం కోసం నేను ఆఫీసు నుంచి ముందే క్యాబెక్కి వచ్చేసేవాడిని.

మా అమ్మాయికి అది రోజూ కొత్త చావు. ఇంట్లోంచే ఉద్యోగం చేస్తుంది, తప్పించుకునే దారి లేదు. ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. చిన్నప్పుడు హిందీలో రాగాలు తీస్తుంటే "ఏడిస్తే తెలుగులో ఏడువు" అని కసిరేది వాళ్ళమ్మ. ఇప్పుడు ఏడవడం కూడా మానేసింది. ఒకరోజు స్పీకరు ప్లగ్గు పీకేసింది. నేను మళ్ళీ పెట్టాను. మర్నాడు మళ్ళీ పీకింది. "పాపా, ప్లీజ్. ఇసే రీసెట్ కర్ దో" అంది. నా మందు నాకే రాసిచ్చింది.

ఆ రిమైండరు ఒక్కటీ తీసెయ్యాలని ఫోన్లో వెతికాను. కుదరలేదు. ఎవరి గొంతుతో పెట్టిన రిమైండరు వాళ్ళ గొంతుతో చెబితేనే పోతుంది. ఒకరి సంగతులు ఇంకొకరు చెరపకూడదని కంపెనీ పెట్టిన నియమం. ఎంత గొప్ప ఏర్పాటో చూడండని నేనే పదిమందికి చెప్పినవాణ్ణి. కాదంటే మొత్తం రీసెట్ చెయ్యాలి. చేస్తే ఆమె గొంతు గుర్తూ పోతుంది, మహారాణీ జీ అనే పిలుపూ పోతుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా వింది. "సింపుల్ హై సర్. ఆప్ బస్ ఉస్ మెంబర్ కో బులాయియే, వో ఏక్ బార్ బోల్ దేంగీ" అంది. ఆవిణ్ణి పిలవండి, ఒక్కసారి చెప్పించండి. ఫోన్ పెట్టేశాను.

రీసెట్ బటన్ మీద వేలు పెట్టి తీసేసిన సాయంత్రాలున్నాయి. పనిచెయ్యని వస్తువులు ఎన్ని చూశాను జీవితంలో! పనిచేస్తున్న వస్తువు ఇంత ఏడిపిస్తుందని ఎవరూ చెప్పలేదు.

చలి ముదిరి, పొగమంచుకి ఎదురు టవర్ కూడా కనపడని ఒక సాయంత్రం. మా అమ్మాయి స్టవ్ దగ్గర టీ కాస్తోంది. నేను బల్ల దగ్గరున్నాను. దాని భుజం పక్కనే నీలం లైటు వెలిగింది. "మహారాణీ జీ, గోలీ కా సమయ్ హో గయా హై."

"చాలు!" అంది మా అమ్మాయి. అనడం కాదు, గొంతు చీల్చుకుని వచ్చింది. "చాలు, చాలు ఇంక!"

వాళ్ళమ్మ గొంతు అది. ఆ విసుగు, చివర సాగదీత, అచ్చంగా. నాకే కాదు, గూట్లోనూ అలాగే వినబడింది.

"జీ మహారాణీ జీ, చాలూ కర్ రహీ హూ."

మా ఆవిడ పాత పాటలు మొదలయ్యాయి. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పాపా... ఇస్నే ముఝే మమ్మీ సమ్‌ఝా?" అంది, అది తనను అమ్మే అనుకుందా అని.

తల్లీకూతుళ్ళ గొంతులు ఒక్కోసారి కలుస్తాయని కంపెనీ సహాయం పేజీలో ఎక్కడో ఓ మూల రాసి ఉంది. నేను చదివాను కూడా. కానీ హిందీలో మాట్లాడే మా అమ్మాయి గొంతు వేరు. తెలుగులో అరిచేసరికి తల్లి బయటికొచ్చింది. మా అమ్మాయి స్టవ్‌కి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్ని నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. "అమ్మా, అమ్మా" అని తెలుగులోనే ఏడ్చింది. పొంగిన టీ స్టవ్ మీద మాడుతుంటే లేచి వెళ్ళి ఆపాను. రోజూ నేను పోయినామెకొచ్చే పిలుపు వినడానికి కూర్చుంటున్నాను, ఉన్న పిల్ల నా పక్కనే ఇలా చస్తోంది.

"అమ్మలా చెప్పు. అమ్మ హిందీలో చెప్పు" అన్నాను. ఏం చెప్పాలో దానికి అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, స్పీకరును పేరు పెట్టి పిలిచి, ఆ మాత్ర గుర్తుచెయ్యడం ఆపెయ్యమంది. "వో గోలీ కా యాద్ దిలానా బంద్ కర్ దో అమ్మా."

పాట ఆగింది. "క్యా మై ఇసే హమేశా కే లియే హటా దూ, మహారాణీ జీ?"

ఎప్పటికీ తీసెయ్యనా అని అడిగింది. మా అమ్మాయి నా వైపు చూసింది. వద్దను అని నా ప్రాణం కొట్టుకుంది. తలూపాను.

"హా" అంది.

"ఠీక్ హై, మహారాణీ జీ."

నీలం లైటు ఆరిపోయింది. మర్నాడు కూడా క్యాబెక్కి ముందే వచ్చాను, అలవాటు కొద్దీ. ఆ వేళకి ఇద్దరం గూడు వైపు చూడకుండా కూర్చున్నాం. మా అమ్మాయి గిన్నెలోంచి నా కప్పులోకి టీ వంచుతూ, చెయ్యి ఆపి నా మొహంలోకి చూసి, "చాలా నాన్నా?" అంది.

"చాలు" అన్నాను.

ఏదీ చాలూ కాలేదు.