దోమతెర మడతలో దొరికిన పురుగు కాగితం

మొన్న పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే మా అమ్మాయి దోమతెర మడతలోంచి ఒక కాగితం తీసి, ఇదేమిటమ్మా పేజీ అంతా ఇంగ్లీషు ఎన్‌ అక్షరాలే ఉన్నాయి అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ కాగితం అంచున ఇప్పటికీ పెద్దమ్మ వేళ్ళ పసుపు మరక ఉంది.

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన ఆ రోజుల్లో మేము మొఘల్‌పురాలో అద్దెకుండేవాళ్ళం, మా అమ్మకు అక్క అయిన పెద్దమ్మ మాతోనే ఉండేది. గోదావరి వైపు నుంచి వెంట తెచ్చుకున్న బోదకాలు ఆమెది. రాత్రయితే ఆ పురుగు పిల్లలు రక్తంలోకి వస్తాయనీ, దోమలు వాటిని మరొకరికి అంటిస్తాయనీ ఎప్పుడో రక్తం తీసుకెళ్ళిన ఆరోగ్యశాఖ మనిషి చెప్పిన మాట ఆమెలో నాటుకుపోయి, నాకు పిల్ల పుట్టాక అది రాత్రీ పగలూ లేని భయమైంది. పిల్ల మెలకువగా ఉన్నంతసేపూ పెద్దమ్మ దోమతెరలోనే కూర్చునేది. రక్తపరీక్షల్లో ఏమీ కనబడలేదు, పురుగు చచ్చిపోయే ఉండొచ్చన్నాడు డాక్టరు. ఆ ఉండొచ్చు ఆమెకు చాలలేదు. పోయిందని ఒక్కరు గట్టిగా చెబితే పిల్లను ఎత్తుకుంటాననేది.

నేనప్పుడు కాలేజీ జువాలజీ ల్యాబులో పనిచేసేదాన్ని. అలాంటి పురుగు జీనోమ్, అంటే నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో రాసే దాని పుట్టుక రాతంతా, చిత్తుప్రతిగా ఇంటర్నెట్‌లో పెట్టారని విని, మనుషులు దాని అంతు చూశారని చూపిస్తే పెద్దమ్మ భయం పోతుందనుకున్నాను. నిజానికది మా వైపు పురుగు కాదు, దాని దగ్గరి చుట్టం. మా సందు చివరి ఇంటర్నెట్ సెంటర్‌లో, మధ్యాహ్నమే అయినా చీకటిగా ఉండే ఆ చెక్క గదిలో బ్రౌజర్‌లో ఆ జీనోమ్ తెరిస్తే రంగు గీతలు వరసగా కనిపించాయి. బాణం గుర్తు నొక్కినప్పుడల్లా అవి పక్కకు జరిగేవి, నా వేలి కింద ఆ పురుగే పాకుతున్నట్టనిపించి చెయ్యి తీసేసుకున్నాను. ఒకచోట గీతలు ఉన్నట్టుండి ఆగిపోయి, కొంత మేర ఖాళీ. అక్కడి అక్షరాలు ఎలా ఉన్నాయో చూసుకోకుండానే ప్రింటు అడిగాను.

"గిదేంది మేడం, మొత్తం ఎన్నులే ఒస్తున్నయ్. మిషన్ గిట్ల ఖరాబైందా?" అన్నాడు సెంటర్ నడిపే అన్న. మిషన్ బాగానే ఉంది, శాస్త్రవేత్తలు చదవలేకపోయిన చోట అలా ఎన్‌లు పెడతారని చెప్పాను. ఆ కాగితాన్ని బోర్లా తిప్పి నా చేతిలో పెట్టాడు.

పిల్ల నిద్రపోయాక తెర బయటికొచ్చిన పెద్దమ్మకు గొప్పగా అన్నీ వివరించాను. ఆమె ఎన్‌ల మీదే వేలు పెట్టి ఇక్కడేముందని అడిగింది. ల్యాబు మనిషిని కదా, ఉన్నదున్నట్టు చెప్పడమే అలవాటు. అక్కడ ఏదో ఉంది, ఏముందో ఇంకా తెలియదన్నాను.

"ఉందని తెలుసు, ఏముందో తెలీదు. నా కాలి సంగతీ అంతేగా అమ్మాయ్," అని కాగితం తీసుకుంది.

ఆ సాయంత్రం దీపాల వేళకు తెరలోంచి గుసగుసలు వినబడితే పిల్లతో మాట్లాడుతోంది కాబోలనుకుని వెళ్ళాను. పిల్ల అక్కడ లేదు. పెద్దమ్మ ఆ కాగితాన్ని కాలి మీద పరుచుకుని, వంగి, బతిమాలుతోంది.

"ఇంట్లో చంటిది ఉంది. బయటికి రాకు."

కాలు అలా వింటున్నట్టే ఉంది.

తర్వాత మూడేళ్ళు బతికింది పెద్దమ్మ. తెర లోపలి నుంచి ఆమె అరచెయ్యి ఆనిస్తే బయటి నుంచి పిల్ల తన చెయ్యి ఆనించేది, అంతే వాళ్ళ ముద్దుమురిపాలు.

ఇప్పుడా ఇంటర్నెట్ సెంటర్ లేదు, మా అమ్మాయి ఫోనులోనే వెతికి, ఆ పురుగు ఖాళీలన్నీ పూడ్చేశారట అని చెప్పింది. పెద్దమ్మమ్మ గుర్తుందా అని అడిగాను. తెల్లటి గుడ్డ, వెచ్చటి చెయ్యి గుర్తున్నాయంది. ముఖం గుర్తులేదట. పురుగు చచ్చిపోయింది పెద్దమ్మా అని ఆ రోజు ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ ముఖం దానికి గుర్తుండేది.