ఆరో రోజు రాసిన వాక్యం

మా ఆడపడుచుకి బ్లడ్ క్యాన్సర్ రెండోసారి తిరగబెట్టాక, కీమో ఇక పనిచేయదన్నారు. మిగిలిన దారి ఒక్కటే, కార్-టి వైద్యం. చెన్నైలో చేస్తారంటే తోడు నేనే వెళ్లాను. ఆసుపత్రి వాసనకే మా ఆయనకి కళ్లు తిరుగుతాయి. చెల్లెలి మీద ప్రేమంతా కొవ్వూరులో కూర్చుని ఫోన్లో చూపిస్తారు.

డాక్టరుగారు తెలుగాయనే. మొదటి రోజే వాదన పెట్టుకున్నాను. "తన రక్తకణాలే తీసి తనకే ఎక్కిస్తే కొత్తగా ఒరిగేదేంటండీ? ఇన్నాళ్లూ అవి లోపలే ఉన్నాయిగా?"

ఆయన విసుక్కోలేదు. "ఉన్నాయమ్మా. క్యాన్సర్ కణం ఎదురైతే పక్కింటివాళ్లేలే అని వదిలేస్తున్నాయి. ల్యాబ్‌లో వాటికి ఒక కొత్త జన్యువు పెట్టి పెంచుతాం. అప్పుడు క్యాన్సర్ కణం ఒంటిమీద గుర్తు చూసి పట్టుకుంటాయి."

జువాలజీలో డిగ్రీ చేసినదాన్ని, ఆ గుర్తు పేరేంటో కూడా అడిగి రాసుకున్నాను.

కొన్ని వారాలకి ఆ కణాలు చిన్న సంచీలో తిరిగొచ్చాయి. ఎక్కించడానికి అరగంట కూడా పట్టలేదు. "ఇంతేనా! మన ఊరి ఆర్‌ఎంపీ సెలైను పెడితే పూటంతా ఎక్కుతుంది" అంది మా ఆడపడుచు.

మూడో రోజు జ్వరం. కణాలు పనిలోకి దిగాయన్నమాట అన్నారు. అసలు భయం మెదడు గురించి. ఈ గొడవలో అది తడబడొచ్చు, ముందే పసిగడితే మందుంది. అందుకని రోజూ కాగితం మీద ఒక వాక్యం రాయించేవారు. ఏదైనా సొంతంగా రాయమంటే తనకి నేనే దొరికాను. "మా వదిన కాఫీ కుడితిలా ఉంటుంది." "మా వదిన నర్సుని కూడా బతకనివ్వదు." తమిళ నర్సమ్మకి తెలుగు రాదు. అక్షరాలు వంకర పోలేదని చూసుకుని టిక్కు పెట్టేది.

ఆరో రోజూ టిక్కు పెట్టింది. కాగితం తీసి చదివాను. "మా వదిన చాలా మంచిది."

ఇంగ్లీషులో నర్సమ్మ మీద అరిచాను. "డాక్టరుగారిని పిలవండి, దీనికి తలలో ఏదో అయింది!"

"బాగానే రాశారు కదా మేడమ్" అంది నర్సమ్మ.

"రాత కాదమ్మా, మాట! పాతికేళ్లలో ఇది నన్ను ఆ మాట అనలేదు!"

నవ్వుతారనుకున్నాను. గబగబా వచ్చిన డాక్టరుగారు నవ్వలేదు. పెన్ను చూపించి ఇదేంటని అడిగారు. తను దాన్ని తేరిపార చూసి, "గరిటె" అంది. వందనుంచి పదేసి తగ్గించుకుంటూ లెక్కపెట్టమంటే ఎనభై దగ్గర ఆగిపోయింది. అప్పటికప్పుడే స్టెరాయిడ్ మొదలుపెట్టారు.

రెండు రోజులు నన్ను గుర్తుపట్టలేదు. ఆ రెండు రోజులూ నేను ఎవరితోనూ పోట్లాడలేదు.

కంటికి కనబడని కణానికి శత్రువుని గుర్తుపట్టడం నేర్పినవాళ్లు, వదినామరదళ్ల తగువుని కూడా ఒక పరీక్షగా తీసుకున్నారు. ఎవరినీ ఊరికే మెచ్చుకునే అలవాటు నాకు లేదు. వాళ్లకి మాత్రం రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాను.

నెల తర్వాత ఎముక మూలుగ పరీక్ష చేస్తే క్యాన్సర్ కణం కనబడలేదు. ఇంకా ఏళ్లపాటు చూపించుకుంటూనే ఉండాలన్నారు. ఆ సాయంత్రం తనని అడిగాను, "నన్ను మంచిదని రాశావు, గుర్తుందా?"

"స్పృహలో లేనప్పుడు పెట్టిన సంతకం కోర్టులో చెల్లదు వదినా."

చెల్లుతుందని నేను. ఆ వాదన ఇంకా తెగలేదు, తెగనివ్వను కూడా.